స్కౌట్ బ్యాడ్జీలు ఇంట్లో కుట్టుకోవడం: వంకర పోకుండా, జేబు మూసుకుపోకుండా

తమ్ముడూ, మీరు రాసింది మొత్తం చదివాను. ఆరో తరగతి అబ్బాయి కొత్తగా స్కౌట్స్‌లో చేరాడు. నవంబర్ 7న స్కూల్లో కార్యక్రమం ఉంది, బ్యాడ్జీలన్నీ చొక్కా మీద కుట్టి పంపమన్నారు. కొర్లగుంటలో మీకు తెలిసిన టైలరేమో కార్తీక మాసం పెళ్లిళ్ల బ్లౌజులే తెమలడం లేదని చేతులెత్తేశాడు. మీరే కూర్చుంటే ఒక సూది వంగింది, వేళ్లు గుచ్చుకున్నాయి, బ్యాడ్జి పక్కకి ఒరిగింది, చుట్టూ గుడ్డ ముడతలు పడింది. అంతా అయ్యాక చూస్తే జేబులో చెయ్యి దూరడం లేదు. పైగా భుజం దగ్గర గుచ్చుకుంటోందని అబ్బోడి గోల.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా టైలరింగ్ షాపు నడుపుతున్నాను. జూన్ వచ్చిందంటే యూనిఫాంలు తప్ప వేరే పని ఉండదు. మీరు చెప్పిన తిప్పలన్నీ మా షాపుకి వచ్చే తల్లిదండ్రులు చెప్పేవే, జేబు కుట్టేసుకోవడంతో సహా. కాబట్టి ఆ విషయంలో సిగ్గు పడకండి.

అసలు సంగతి ఏమిటంటే, బ్యాడ్జి పనిలో సూది పట్టుకోవడం ఆఖర్న వస్తుంది. దానికి ముందు బ్యాడ్జి ఎక్కడ ఉండాలో అబ్బాయి ఒంటి మీదే గుర్తు పెట్టాలి. పెట్టిన చోటు నుంచి కదలకుండా నిలపాలి. ఈ రెండూ వదిలేసి నేరుగా కుట్టడం మొదలుపెడితే మా షాపులో పని చేసే పిల్ల కుట్టినా వంకరే వస్తుంది. ఇంకో మాట కూడా మనసులో పెట్టుకోండి. ఈ కుట్టు ఎల్లకాలం ఉండాల్సిన పని లేదు. ఏడాది తిరిగేసరికి చొక్కా పొట్టిదవుతుంది, బ్యాడ్జి విప్పి కొత్త చొక్కాకు వేయాలి. పైగా స్కౌట్స్‌లో ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్ అని మెట్లు ఉంటాయి. అబ్బాయి ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ చేతి మీది సోపాన్ బ్యాడ్జి తీసేసి పైది వేయాల్సి వస్తుంది. అందుకని ఉతుకులకు ఊడకూడదు, కావాలనుకున్నప్పుడు గుడ్డ చిరగకుండా విప్పగలగాలి. నేను కింద చెప్పేదంతా ఈ లెక్కలోనే చెబుతున్నాను.

ముందు ఆ మూసుకుపోయిన జేబు సంగతి చూద్దాం. బ్యాడ్జిని పట్టుకుని లాగకండి. చొక్కా తిరగేసి లోపలి వైపు నుంచి చూడండి. మీరు వేసిన కుట్లు చొక్కా గుడ్డ మీద చుక్కల్లాగా కనిపిస్తాయి. దారాలు కత్తిరించే చిన్న కత్తెర మొనతో మూడు నాలుగు కుట్లకు ఒకటి చొప్పున తెంపుకుంటూ పోండి, వరసగా అన్నీ తెంపక్కర్లేదు. తర్వాత పైనుంచి బ్యాడ్జి అంచు కాస్త ఎత్తితే తక్కిన దారం దానంతట అదే జారి వస్తుంది. బ్లేడు మాత్రం వద్దు. చెయ్యి ఒక్క నూలుపోగంత జారినా కొత్త చొక్కా తెగుతుంది. విప్పాక సూది పోట్లు కనిపిస్తుంటే తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, గోటితో అటూ ఇటూ గీకండి, పోగులు సర్దుకుంటాయి.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టే ముందు చొక్కాని ఒకసారి నీళ్లలో ఉతికి ఆరేయండి. కొత్త చొక్కా ఉతకడం ఎందుకని అనుకుంటారు గానీ, మీరు చెప్పిన ముడతలకు సగం కారణం అక్కడే ఉంది. నూలు కలిసిన గుడ్డ మొదటి ఉతుకులో కొంచెం కుంచించుకుపోతుంది. బ్యాడ్జి పాలిస్టర్ దారంతో ఎంబ్రాయిడరీ చేసింది, వెనక గట్టి అట్టలాంటి గుడ్డ ఉంటుంది, అది కుంచించుకోదు. ముందే కుట్టేసి తర్వాత ఉతికితే చుట్టూ గుడ్డ దగ్గరకు లాగుతుంది, బ్యాడ్జి మధ్యలో ఉబ్బుతుంది. ఎంత ఇస్త్రీ చేసినా ఆ ముడత పోదు. మిగతా సగం కారణం దారాన్ని బిగించి లాగడం. దాని గురించి కుట్టు దగ్గర చెబుతాను.

బ్యాడ్జి రంగు దిగుతుందేమో కూడా ఇప్పుడే చూసుకోండి. ఒక మూల తడిపి తెల్ల కర్చీఫ్‌తో గట్టిగా అదమండి. కర్చీఫ్‌కి రంగు అంటితే ఆ బ్యాడ్జిని విడిగా, నీళ్లు తేటగా వచ్చేదాకా నానబెట్టి ఆరేశాకే చొక్కా ఎక్కించాలి.

ఎడమ, కుడి సంగతి మీరు అడిగారు. ఆకుపచ్చ గుడ్డ మీద పసుపు రంగు పువ్వు గుర్తు, మధ్యలో అశోక చక్రం ఉన్నది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సభ్యత్వ బ్యాడ్జి. అది ఎడమ జేబు మధ్యలో ఉండాలి. ఊదా రంగు మీద తెల్ల గుర్తు, చుట్టూ తాడు ఉన్నది ప్రపంచ స్కౌట్ బ్యాడ్జి. అది కుడి జేబు మధ్యలో. ఎడమ అంటే అబ్బాయి ఎడమ, మీకు ఎదురుగా పరిచిన చొక్కాలో అది మీ కుడి చేతి వైపు వస్తుంది. ఇక్కడే చాలామంది తారుమారు చేస్తారు. తికమక పడకుండా ఒక గుర్తు చెబుతాను. మగపిల్లల చొక్కాల్లో కాజాలు ఎడమ వైపు, గుండీలు కుడి వైపు ఉంటాయి. కాజాలున్న వైపు జేబుకి ఆకుపచ్చది, గుండీలున్న వైపు జేబుకి ఊదాది. అంతే. ఆడపిల్లల చొక్కాల్లో చాలా వరకు ఇది తిరగబడి ఉంటుంది, అక్కడ ఈ గుర్తు పనికిరాదు.

ఇంకో విషయం స్కౌట్ మాస్టర్‌ని ఫోన్ చేసి అడగండి. సభ్యత్వ బ్యాడ్జి అబ్బాయి ప్రతిజ్ఞ చేశాక ఇచ్చేది. కొన్ని స్కూళ్లలో ముందే కుట్టి పంపమంటారు, కొన్ని చోట్ల ఆ రోజు సారే పిన్నుతో పెడతారు. అలా పెట్టేటట్టయితే మీరు ఇప్పుడు కుట్టింది మళ్లీ విప్పాలి. చేతుల మీద, భుజాల మీద వచ్చే మిగతావి కూడా ఆయన చెప్పిన చోటే వేయండి, పక్కింటి పిల్లాడి చొక్కా చూసి కాదు. ఆ చొక్కా కూడా ఎవరో మీలాంటి నాన్నే కుట్టి ఉంటాడు.

నవంబర్ 7 ఎందుకంటే, 1950లో అదే రోజున దేశంలో విడివిడిగా ఉన్న స్కౌట్ సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. గైడ్స్ అంటే ఆడపిల్లల సంఘం, వాళ్లు ఆ తర్వాత ఏడాది ఆగస్టు 15న వచ్చి కలిశారు. ఆ రోజు బడిలో పిలకాయలందరినీ వరసగా నిలబెడతారు. ఒక్కడి బ్యాడ్జి వంకరగా ఉన్నా వరసలో అదే కళ్లకు కొడుతుంది. మీ టెన్షన్ అందుకే అని నాకు తెలుసు.

సరే, స్థానం. చొక్కాని బల్ల మీద పరచి స్కేలు పెట్టి కొలిచి కుట్టకండి. బల్ల మీద మధ్యలో ఉన్నది ఒంటి మీద మధ్యలో ఉండదు. ముఖ్యంగా చేతి మీద వచ్చే బ్యాడ్జి, పరిచినప్పుడు బాగానే కనిపిస్తుంది, వేసుకున్నాక వెనక్కి తిరిగిపోతుంది. అబ్బాయికి చొక్కా తొడిగి, గుండీలన్నీ పెట్టించి, చేతులు కిందికి వదిలి నిటారుగా నిలబడమనండి. జేబు మూతల గుండీలు కూడా పెట్టాలి. జేబుకు మూత ఉంటే దాని కింద కనిపించే భాగానికి మధ్య చూసుకోవాలి, జేబు మొత్తానికి కాదు. మొత్తం జేబుకి మధ్యలో పెడితే మూత వేసినప్పుడు బ్యాడ్జి తల మూత కిందకి పోతుంది. జేబు మధ్యలో నిలువుగా మడత ఉండే రకమైతే ఆ మడతను ముందు ఇస్త్రీ చేసి చదునుగా పిన్ను పెట్టుకోండి, లేకపోతే బ్యాడ్జి కింద అది తెరుచుకుని ఎత్తుగా కనిపిస్తుంది.

గుండ్రటి బ్యాడ్జి ఒరిగిందో లేదో తెలుసుకోవడం కష్టం, అంచు ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది కాబట్టి. అంచు చూడకండి, లోపలి గుర్తు చూడండి. ప్రపంచ బ్యాడ్జిలో చుట్టూ ఉన్న తాడుకి కింద ఒక ముడి ఉంటుంది. ఆ ముడి నుంచి పైన మధ్య రేకు కొస దాకా కంటితో ఒక గీత గీయండి. ఆ గీత చొక్కా గుండీల పట్టీకి సమాంతరంగా ఉంటే బ్యాడ్జి నిటారుగా ఉన్నట్టు. ఆకుపచ్చ దానికి కూడా మధ్య రేకుతో ఇలాగే చూసుకోవాలి. సరిపోయాక బ్యాడ్జి పైన, కింద, రెండు పక్కలా టైలర్ సుద్దతో నాలుగు చిన్న గీతలు పెట్టండి. బ్యాడ్జి మీద కూడా అదే నాలుగు చోట్ల గీత పెట్టుకుంటే చొక్కా విప్పాక మళ్లీ కలపడం తేలిక. బాల్‌పెన్ను మాత్రం ముట్టుకోకండి. సుద్ద లేకపోతే అరిగిపోయిన సబ్బుముక్క అంచుతో గీయండి, మేము కూడా ముదురు రంగు గుడ్డల మీద అదే వాడతాం.

ఇప్పుడు కదలకుండా నిలపాలి. మీరు గుండుసూదులు పెట్టానన్నారు. బ్యాడ్జి గట్టిది, గుండుసూది పెడితే అది విల్లులా వంగుతుంది, కింద గుడ్డ ముడత పడుతుంది, ఆ ముడత మీదే కుట్టేస్తాం. మీకు జరిగింది అదే. దానికి బదులు పిల్లలు స్కూలుకి తీసుకెళ్లే గ్లూ స్టిక్ ఉంటుంది కదా, అది బ్యాడ్జి వెనక మధ్యలో కొంచెం పూసి అంటించండి. అంచులకు పూయకండి, సూది వెళ్లే చోటు అది. కాసేపు ఏదైనా బరువు పెట్టి వదిలేయండి. ఆ గమ్ము తాత్కాలికమే, ఉతికితే నీళ్లలో పోతుంది. గ్లూ స్టిక్ లేదంటే టాకాలు వేయండి. అంటే వేరే రంగు దారంతో బ్యాడ్జి మధ్యలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, పెద్ద పెద్ద కుట్లు. పని అయ్యాక లాగేస్తే వచ్చేస్తాయి. నిజానికి మేమైతే టాకాలే వేస్తాం.

ఫెవిక్విక్ పెడితే సరిపోదా అని ఎవరో మీకు సలహా ఇచ్చారన్నారు. వద్దే వద్దు. ఆ రకం గమ్ము నూలు గుడ్డ మీద పడితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, ఎక్కువ పడితే చర్మం కాలుతుంది కూడా. ఆరాక రాయిలా గట్టిపడుతుంది, తెల్ల మచ్చ కడుతుంది, తర్వాత సూది దిగదు, బ్యాడ్జి తీసినా మచ్చ పోదు. స్టాప్లర్ పిన్నులు అయితే తుప్పు మరక వదులుతాయి, పైగా పిల్లవాడికి గుచ్చుకుంటాయి.

వెనక ఇస్త్రీతో అంటుకునే పొర ఉన్న బ్యాడ్జీలు వస్తున్నాయి. అవి నిలపడానికి బాగుంటాయి, నమ్మి వదిలేయడానికి కాదు. వారంలో రెండుసార్లు బండమీద బాది ఉతికే ఇళ్లలో అంచులు లేచిపోతాయి. అది అంటించాలంటే పైన పలచటి నూలు గుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెను ఒకే చోట అదిమి పట్టండి, రుద్దకండి. రుద్దితే బ్యాడ్జి జరుగుతుంది. గుడ్డ వేయకుండా నేరుగా పెడితే పాలిస్టర్ కలిసిన చొక్కా మీద మెరుపు మచ్చ పడుతుంది, అది ఇక పోదు. అంటించాక కూడా అంచు చుట్టూ కుట్టు వేయాల్సిందే. ఆ గమ్ము సూదికి అంటుకుని జిగటగా అయితే కొబ్బరినూనెలో ముంచిన గుడ్డతో తుడిచి, మళ్లీ పొడి గుడ్డతో తుడిచి వాడండి. నూనె తుడవకుండా గుచ్చితే చొక్కాకి మరక.

సూది ఎందుకు వంగిందంటే సన్నది తీసుకున్నారు, అదీ బ్యాడ్జి మధ్యలో నుంచి దించారు. చేతి సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం అవుతుంది. మీ ఇంట్లో ఉన్నది బహుశా 9 లేదా 10 ఉంటుంది, బ్లౌజు హుక్కులకు వాడేది. 6 లేదా 7 నంబరు తీసుకోండి. మెషీన్ సూదుల లెక్క దీనికి తిరగబడి ఉంటుంది, అందుకే షాపులో 16 అని అడిగితే మెషీన్‌దే ఇస్తాడు. చేతి సూది అని చెప్పి అడగండి. గాంధీ రోడ్డు చుట్టుపక్కల దారాలు, లేసులు అమ్మే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. దారం పాలిస్టర్‌ది, బ్యాడ్జి అంచు రంగులో. బ్యాడ్జి గుడ్డ రంగు కాదు, అంచు రంగు. కుట్టు ఆ అంచులో కలిసిపోతే కొంచెం అటూ ఇటూ అయినా ఎవరికీ కనిపించదు. ఇంట్లో మొదటిసారి కుట్టేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే చిట్కా లేదు.

దారం మూరెడు మించి తీసుకోకండి. పొడుగు తీసుకుంటే మాటిమాటికీ ఎక్కించక్కర్లేదని ఆశ, కానీ అది మెలికపడి ముడులు పడి చివరికి ఎక్కువ సమయం తింటుంది. కొవ్వొత్తి మైనం మీద ఒకసారి లాగితే దారం మెలికలు పడదు, గట్టి గుడ్డలోంచి జారుతుంది. సూది బెజ్జం దాకా దిగి ఆగిపోతే పళ్లతో లాగకండి. పాత సైకిల్ ట్యూబు ముక్కో, పగిలిపోయిన బెలూన్ ముక్కో రెండు వేళ్ల మధ్య పెట్టి పట్టుకుంటే జారకుండా వస్తుంది. నెట్టే వేలికి టైలర్లు తొడుక్కునే లోహపు టోపీ దొరుకుతుంది. అలవాటు లేకపోతే అది చికాకే. నడివేలికి రెండు చుట్లు మెడికల్ ప్లాస్టర్ వేసుకోండి, చాలు.

ఇక కుట్టు. బ్యాడ్జిని దగ్గరగా చూడండి. చుట్టూ ఓవర్‌లాక్ చేసిన లావుపాటి అంచు ఉంటుంది. లోపల ఎంబ్రాయిడరీ ఉన్నచోట దారం దట్టంగా, వెనక అట్టగుడ్డ గట్టిగా ఉంటుంది, అక్కడ సూది దిగడం నరకం. అంచు దగ్గర మాత్రం దారాలు వదులుగా చుట్టి ఉంటాయి. మీ సూది ఆ అంచు దారాల అడుగు భాగాన్ని, చొక్కా గుడ్డని, ఈ రెంటినే పట్టుకోవాలి. మీ ఇంట్లో ఎవరైనా చీరకు ఫాల్ వేయడం చూసి ఉంటారు. అచ్చం అదే హెమ్మింగ్. చీరలో రెండు పోగులు పట్టి, ఫాల్ అంచులో దూర్చి, ఏటవాలుగా ముందుకు పోవడం. మీ ఆవిడకో అమ్మగారికో ఫాల్ వేయడం వస్తే బ్యాడ్జి కుట్టడం వచ్చినట్టే. వాళ్లని ఒక జేబు కుట్టి చూపించమనండి, రెండోది మీరు కుట్టండి.

ముడిని బ్యాడ్జి కింద దాచాలి. బ్యాడ్జి అంచు కొంచెం ఎత్తి, కింద నుంచి సూదిని అంచులోకి పైకి తీయండి. ముడి బ్యాడ్జికీ చొక్కాకీ మధ్య ఉండిపోతుంది, లోపల ఒంటికి తగలదు. మీ అబ్బాయి గుచ్చుకుంటోంది అన్నది సగం ఈ ముడుల వల్లే. తర్వాత సూదిని అంచు పక్కనే చొక్కాలోకి దించి, దాదాపు 3 మిల్లీమీటర్ల ముందు అంచులోంచి పైకి. అంత దగ్గరగా కుడితే చాలు, ఇంకా దగ్గరగా వేస్తే రేపు విప్పడానికి చుక్కలు కనిపిస్తాయి. దారాన్ని ఆనేదాకా లాగి ఆపండి. గట్టిగా బిగిస్తే గుడ్డ ముడుచుకుంటుంది. నాలుగైదు కుట్లు వేశాక ఒకసారి వేలితో గుడ్డను చదును చేసుకుంటూ పోండి. చివర్లో అంచు కిందే ఒకేచోట రెండు మూడు కుట్లు వేసి దారం తెంపేయండి.

ఒక పక్క నుంచి మొదలుపెట్టి గుండ్రంగా పోవద్దు. గడియారంలో పన్నెండు, ఆరు, మూడు, తొమ్మిది ఉన్నచోట్ల ముందు రెండేసి కుట్లు వేసి కట్టేయండి. అప్పుడు ఇంకోసారి చూసుకోండి, నిటారుగా ఉందా అని. ఉంటేనే చుట్టూ పోవాలి. ఇక్కడ ఒరిగినట్టు తెలిస్తే విప్పాల్సింది ఎనిమిది కుట్లే.

జేబు మళ్లీ మూసుకుపోకుండా లోపల గట్టి అట్ట పెట్టుకోండి. పెళ్లి పత్రిక అయితే సరిగ్గా సరిపోతుంది, ఈ సీజన్‌లో ప్రతి ఇంట్లో నాలుగు ఉంటాయి. సూది అట్టకి తగిలితే చేతికి తెలిసిపోతుంది. మరీ లోపలి వరకు దించకుండా జేబు గుడ్డనే పట్టుకోవడం అలవాటవుతుంది. చేతుల మీద బ్యాడ్జి కుట్టేటప్పుడు చొక్కా చేతిలో పొడుగాటి స్టీలు గ్లాసు దూర్చండి. అటు వైపు గుడ్డ కుట్టులో పడదు, కుట్టే చోటు కూడా గుండ్రంగా బిగుతుగా నిలుస్తుంది. భుజం కింద వచ్చే వంపు బ్యాడ్జి ఏదైనా ఉంటే రెండు కొసలూ భుజం కుట్టుకి సమాన దూరంలో ఉన్నాయా అని మాత్రం తొడిగి చూడండి.

గుచ్చుకోవడం ఇంకా తగ్గకపోతే లోపలి వైపు, బ్యాడ్జి కుట్లు వచ్చినంత మేర, మెత్తటి పాత పంచె ముక్క ఒకటి వేసి నాలుగు మూలలా కుట్టు వేయండి. తిరుపతి ఎండలో పిల్లలకి చెమట పట్టి గరుకు గుడ్డ ఒరుసుకుంటే మంట పుడుతుంది, వాడు గారాబం చేస్తున్నాడని తిట్టకండి. బ్రహ్మోత్సవాల్లో, తిరుచానూరు పంచమి తీర్థం నాడు జనాన్ని వరసల్లో నడిపిస్తూ స్కౌట్ పిలకాయలు కనిపిస్తారు కదా, పొద్దుట్నించి సాయంత్రం దాకా ఆ చొక్కాతోనే నిలబడాలి. మీ వాడు కూడా రేపు అక్కడికి పోతాడు.

మెషీన్ మీద ఎందుకు కుట్టకూడదని అడిగారు. జేబు బ్యాడ్జి అయితే మెషీన్ మీద కుట్టడం కుదురుతుంది గానీ, జేబుని చొక్కాతో కలిపి కుట్టకుండా ఉండాలంటే దాని కింది భాగం విప్పి ఎత్తాలి, కుట్టి మళ్లీ మూయాలి. చిన్నపిల్లల చొక్కా చెయ్యి అయితే మెషీన్ బల్ల మీదకి ఎక్కదు, చంక కింద పక్క కుట్టు విప్పితే గానీ గుడ్డ చదునుగా పరుచుకోదు. టైలర్ ఒక్క బ్యాడ్జికి 20, 30 రూపాయలు అడిగితే ఇంతదానికా అని బేరమాడతారు. ఆ డబ్బు బ్యాడ్జి కుట్టినందుకు కాదు, విప్పి మళ్లీ మూసినందుకు. మీ ఇంట్లో మెషీన్ ఉండి ప్రయత్నిస్తే 16 నంబరు సూది వేసి, కుట్టు పొడుగు పెంచి, పైన బ్యాడ్జి అంచు రంగు దారం, కింద బాబిన్‌లో చొక్కా రంగు దారం పెట్టండి. మలుపుల దగ్గర మోటారు ఆపి చక్రం చేత్తో తిప్పండి.

కొత్త యూనిఫాం గుడ్డ కొని కుట్టించేవాళ్లకి, ప్రభుత్వ బడుల్లో గుడ్డ కిట్‌లో తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. చొక్కా కుట్టక ముందే స్కూలు బ్యాడ్జి టైలర్ చేతిలో పెట్టండి. జేబు ముక్కని చొక్కాకి వేయక ముందు దాని మీద బ్యాడ్జి వేయడం రెండు నిమిషాల పని, అప్పుడైతే ఎవరూ విడిగా డబ్బు కూడా అడగరు. కుట్టిన చొక్కా ఇంటికి తెచ్చుకుని మర్నాడు బ్యాడ్జి పట్టుకొచ్చేవాళ్లే మాకు ఎక్కువ.

వెల్‌క్రో సంగతి కూడా రాశారు. రెండు మూడు చొక్కాలకి ఒకే బ్యాడ్జి మార్చుకోవాలంటే మంచిదే. గరుకు వైపు బ్యాడ్జికి, మెత్త వైపు చొక్కాకి కుట్టాలి. తిరగేసి కుడితే ఉతికేటప్పుడు గరుకు వైపు పక్క బట్టలన్నిటినీ పట్టి లాగేస్తుంది. కానీ స్కౌట్ చొక్కాకి నేను చెప్పను. ఆటల్లో ఊడి ఎక్కడో పడిపోతుంది, మళ్లీ బ్యాడ్జి కోసం తిరగాలి.

ఇంతా చేసి మీకు ఓపిక లేకపోతే, మీ టైలర్ దగ్గరికే మళ్లీ వెళ్లండి, కానీ సాయంత్రం పూట కాదు. షాపు తెరిచిన వెంటనే, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా మీద బ్యాడ్జీలు సరైన చోట టాకాలు వేసి తీసుకెళ్లండి. ఎక్కడ పెట్టాలో కొలిచి, అబ్బాయిని పిలిపించి, తప్పయితే మళ్లీ విప్పే బాధ తనకి లేదని చూడగానే తెలుస్తుంది. బ్లౌజులు ఎన్ని ఉన్నా, జేబు బ్యాడ్జీలు రెండూ మీరు నిలబడి ఉండగానే చేతి కుట్టు వేసి ఇచ్చేస్తాడు. చేతి మీదివి మాత్రం మర్నాటికి ఇస్తానంటాడు, అందుకని కార్యక్రమానికి కనీసం రెండు రోజుల ముందు వెళ్లండి.